రెండుసార్లు తొక్కితే పడే బ్రేకును నమ్మొద్దు!

* పాత కార్లలో పెడల్ మెత్తబడటం ఒక్క జబ్బు కాదు
* ఇంటి దగ్గరే మూడు పరీక్షలు.. కారణం తెలుసుకోవచ్చు
* ఘాట్ రోడ్డు ఎక్కకముందే సరిచూసుకోవాలి

ఒకసారి తొక్కితే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. వదిలి మళ్లీ తొక్కితే బ్రేకు పడుతుంది. ''పాత బండి కదా.. దాని వాటం అంతే'' అని యజమాని సరిపెట్టుకుంటాడు. కొన్నాళ్లకు కాలు కూడా దానికే అలవాటు పడిపోతుంది. అసలు ముప్పు అక్కడే ఉంది. ఉన్నట్టుండి గేదె అడ్డొస్తే, ముందున్న లారీ ఆగిపోతే రెండోసారి తొక్కే వ్యవధి దొరుకుతుందా? గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. మొదటి తొక్కుడు వృథా అయితే పోయేది ఆ దూరమే.

హోసూరు, బళ్లారి, బరంపురం, యానాం.. ఏ ఊరు తీసుకున్నా తాతల నాటి కారును అమ్మబుద్ధి కాక, పెళ్లిళ్లకీ పండగలకీ బయటికి తీసే కుటుంబాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఎక్కువగా ఉండేవి అంబాసిడర్, అందరూ ఫియట్ అని పిలుచుకునే ప్రీమియర్ పద్మిని. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్ల తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. పద్మిని తయారీ అంతకు పదేళ్లకు పైగా ముందే నిలిచిపోయింది. ముంబయిలో నలుపు పసుపు రంగుల ట్యాక్సీగా తిరిగిన పద్మిని కూడా 2023 అక్టోబరు చివర్లో సెలవు తీసుకుంది. అంటే ఈ బండ్లలో ఇప్పుడు రోడ్డు మీద ఉన్నవన్నీ వయసు మీరినవే. రేకు కంటే, ఇంజిన్ కంటే ముందు ముసలితనం వచ్చేది రబ్బరుకు. బ్రేకు నమ్ముకుని బతికేది ఆ రబ్బరునే.

ఒకటే దారి.. నాలుగు చక్రాలు

కాలితో పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ ముందుకు కదులుతుంది. అది బ్రేకు ఆయిల్‌ను సన్నని గొట్టాల్లోకి నెడుతుంది. ఆ ఒత్తిడి ప్రతి చక్రం దగ్గరున్న వీల్ సిలిండర్‌కు చేరి, బ్రేకు షూలను విడదీసి, తిరిగే డ్రమ్ముకు అదుముతుంది. ద్రవాన్ని నొక్కితే కుంచించుకుపోదు. అందుకే కాలి బలం అంతా చక్రానికి చేరుతుంది. గాలి అలా కాదు. నొక్కితే కుంచించుకుపోతుంది. గొట్టంలో చిన్న గాలి బుడగ చేరినా కాలి బలంలో కొంత దాన్ని నొక్కడానికే ఖర్చయిపోతుంది. కాలి కింద స్పాంజి పెట్టినట్టు ఉండేది అందుకే.

కొత్త కార్లలో ఈ ఆయిల్ దారిని రెండుగా విడదీసి పెడుతున్నారు. ఒక వైపు తెగినా రెండో వైపు కొంతైనా బండిని ఆపుతుంది. 1960లు, 70ల నాటి కార్లలో ఆ ఏర్పాటు లేదు. నాలుగు చక్రాలకూ ఒకటే దారి. ఎక్కడో వెనక చక్రం దగ్గర పావలా కాసంత రబ్బరు కప్పు చిరిగితే చాలు.. నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. ఆ తర్వాత మిగిలేది చేతి బ్రేకు ఒక్కటే. కొత్త కారులో మెత్తటి పెడల్ ఒక హెచ్చరిక అయితే, పాత కారులో అది ఆఖరి హెచ్చరిక కూడా కావొచ్చు.

మెకానిక్‌కు ఏమని చెప్పాలి?

సరిహద్దు ఊళ్లలో ఇంకో చిక్కుంది. మనం చెప్పేది ఒక భాష, షెడ్డులో వినేది ఇంకో భాష. బళ్లారి, హోసూరు వైపు ''బ్రేకు సరిగా పడ్తా లేదన్నా'' అంటాం. బరంపురంలో ''బ్రేకు దిగిపోతంది మేస్త్రీ'' అంటాం. అవతలి వ్యక్తి కన్నడిగుడో, తమిళుడో, ఒడియా మనిషో అయితే అతనికి అర్థమయ్యేది 'బ్రేకు బాగాలేదు' అన్న ఒక్క ముక్కే. వెంటనే కాస్త ఆయిల్ పోసి, గాలి తీసి పంపిస్తాడు. వారం తిరక్కుండా జబ్బు మళ్లీ మొదలు.

నిజానికి పెడల్ పోవడంలో మూడు రకాలున్నాయి. స్పాంజిలా మెత్తగా ఉండటం ఒకటి. గట్టిగానే ఉండి, బాగా లోతుకు వెళ్లాక పట్టడం రెండోది. కాలు పెట్టి ఉంచితే మెల్లమెల్లగా దిగిపోవడం మూడోది. మూడింటికీ కారణాలు వేరు, మందులు వేరు. మీ బండికి ఉన్నది ఏదో ముందు మీరే తేల్చుకోండి. ఆ తర్వాత మెకానిక్‌ను సీట్లో కూర్చోబెట్టి, అతని కాలితోనే తొక్కించండి. ఏ భాషైనా కాలికి తెలిసిపోతుంది.

ఈ పరీక్షలన్నీ చదునైన చోట, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, ఇంజిన్ ఆపి చేయాలి. తర్వాతి కాలపు మోడళ్లలో బ్రేకుకు సర్వో ఉంటే ముందుగా నాలుగైదుసార్లు తొక్కి దానిలోని వ్యాక్యూమ్ ఖాళీ చేయాలి.

మొదటి పరీక్ష: ఆయిల్ ఎక్కడ?

మాస్టర్ సిలిండర్ ట్యాంకులో ఆయిల్ మట్టం చూడండి. కొన్ని పాత మోడళ్లలో మాస్టర్ సిలిండర్ బోనెట్ కింద ఉండదు. డ్రైవరు కాళ్ల దగ్గర, నేల రేకు అడుగున ఉంటుంది. దాని మూత కార్పెట్ కింద దాగి ఉంటుంది. కళ్లకు కనబడదు కాబట్టి ఏళ్ల తరబడి దాని జోలికే పోరు. మూత తీసే ముందు చుట్టూ ఉన్న మట్టిని గుడ్డతో శుభ్రంగా తుడవాలి. ఒక్క ఇసుక రేణువు లోపల పడినా రబ్బరును గీసేస్తుంది.

మట్టం తగ్గి ఉంటే పోసేసి ఊరుకోవద్దు. లైనర్లు అరిగే కొద్దీ కొంచెం తగ్గడం మామూలే. కానీ నెల తిరక్కుండానే తగ్గుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే. నాలుగు టైర్ల లోపలి వైపు చూడండి. తడి చార ఉంటే ఆ చక్రం వీల్ సిలిండర్ కారుతోందని అర్థం. పెడల్ దగ్గర, కార్పెట్ కింద తడి ఉంటే మాస్టర్ సిలిండర్ వెనక కప్పు పోయింది. బండి అడుగున ఇనుప గొట్టాలనూ వేలితో తడిమి చూడాలి. యానాం, బరంపురం లాంటి తీర ప్రాంతాల్లో ఉప్పు గాలికి ఈ గొట్టాలు బయటి నుంచి తుప్పు పట్టి పొలుసులు లేస్తాయి. అలా లేచిన గొట్టానికి రంగు వేసి దాచడం కాదు, మార్చాల్సిందే.

రెండో పరీక్ష: వెంటవెంటనే తొక్కితే..

ఒకసారి నెమ్మదిగా తొక్కి ఎంత లోతుకు పోయిందో గుర్తుపెట్టుకోండి. వదిలి, వెంటనే రెండు మూడుసార్లు తొక్కండి.

రెండో తొక్కుడుకే పెడల్ పైకి వచ్చి రాయిలా గట్టిపడిందా? అయితే గాలి కాకపోవచ్చు. లైనర్లు అరిగి, షూలకూ డ్రమ్ముకూ మధ్య సందు పెరిగి ఉంటుంది. మొదటి తొక్కుడు ఆ సందు పూడ్చడానికే సరిపోతోంది. దీనికి మందు ఆయిల్ కాదు, అడ్జస్ట్‌మెంటు. జాకీ ఎత్తి, చక్రం బిగిసేదాకా అడ్జస్టర్ తిప్పి, మళ్లీ చక్రం సులువుగా తిరిగేంత మేరకు వెనక్కి వదలాలి. ముందు చక్రానికి రెండేసి వీల్ సిలిండర్లున్న బండ్లలో అడ్జస్టర్లు కూడా రెండుంటాయి. ఒకటి తిప్పి రెండోది మరిచిపోతే పని సగమే అయినట్టు.

తొక్కే కొద్దీ కాస్త కాస్త పైకి వస్తోంది, కానీ స్పాంజి గుణం పోలేదా? అది గాలే. దాన్ని తీయాలి. తీసిన కొద్ది రోజులకే మళ్లీ చేరితే అది ఎటునుంచి వస్తోందో వెతకాలి. డ్రమ్ము బ్రేకుల మాస్టర్ సిలిండర్ చివర ఒక చిన్న వాల్వు ఉంటుంది. పెడల్ వదిలాక కూడా గొట్టాల్లో కాస్త ఒత్తిడి నిలిపి ఉంచడం దాని పని. అది పాడైతే వీల్ సిలిండర్ కప్పుల పక్క నుంచి గాలి లోపలికి చేరుతుంది. బయటికి చుక్క కారదు, గాలి మాత్రం చేరుతూనే ఉంటుంది.

ఎన్నిసార్లు తొక్కినా పైకి రావడమే లేదంటే మాస్టర్ సిలిండర్‌లో ఒత్తిడే పుట్టడం లేదు. ఆ బండిని షెడ్డు దాకా కూడా నడపొద్దు. లాగించుకుని వెళ్లండి.

మూడో పరీక్ష: నిమిషం పాటు..

పెడల్‌ను గట్టిగా తొక్కి నిమిషం పాటు అలాగే ఉంచండి. కదలకుండా నిలిస్తే సంతోషం. మెల్లగా నేల వైపు దిగిపోతుంటే రెండే కారణాలు. ఆయిల్ బయటికైనా కారుతుండాలి, లేదా మాస్టర్ సిలిండర్ లోపలే రబ్బరు కప్పు దాటి వెనక్కి జారుతుండాలి. ట్యాంకులో మట్టం తగ్గకుండా, ఎక్కడా తడి లేకుండా పెడల్ దిగుతోందంటే రెండోదే.

చాలాకాలం షెడ్డులో నిలబెట్టిన బండికి ఇది ఎక్కువగా వస్తుంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ నీరు సిలిండర్ గోడను తుప్పుతో గుంతలు పడేలా చేస్తుంది. గుంతలు పడ్డ సిలిండర్‌లో కొత్త రబ్బరు కిట్ వేసినా గరుకు గోడకు రాసుకుని మళ్లీ చిరుగుతుంది. కిట్ వేసే ముందు లోపలి గోడను లైటు వెలుగులో చూడమని అడగండి. అద్దంలా ఉంటే కిట్ చాలు. గుంతలుంటే సిలిండర్ మార్చాలి, లేదా తెలిసిన వారి చేత లోపల స్లీవు వేయించాలి.

ఈ మూడూ బాగానే ఉండి, గాలి తీసినా ఇంకా స్పాంజిలాగే ఉంటే ముందు చక్రాల రబ్బరు హోసు పైపులు చూడండి. ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు హోసును చేత్తో పట్టుకోవాలి. వేళ్ల మధ్య ఉబ్బినట్టు తెలిసిందా.. దాని పని అయిపోయింది. పైన పగుళ్లున్నా అంతే. కొత్తగా లైనర్లు వేయించిన బండిలోనూ కొన్నాళ్లు పెడల్ మెత్తగా ఉండొచ్చు. షూ వంపు డ్రమ్ము వంపుతో పూర్తిగా కలవకపోతే కొసలు మాత్రమే తగిలి షూ వంగుతుంది. కొంత దూరం తిరిగితే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే షూలను డ్రమ్ముకు సరిపడేలా సానబట్టించాలి.

గాలి తీయడం ఇలా..

ఇద్దరు మనుషులు కావాలి. ముందుగా నాలుగు చక్రాల అడ్జస్ట్‌మెంటు పూర్తి చేయాలి. లేకపోతే ఎంత గాలి తీసినా పెడల్ లోతుకే పోతుంది. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం పద్ధతి. మన కార్లలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి సాధారణంగా వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి అన్న వరుసలో వస్తారు.

చక్రం వెనకున్న బ్లీడింగ్ నిపుల్‌కు సన్నని తెల్ల పైపు తొడిగి, రెండో కొసను కొద్దిగా బ్రేకు ఆయిల్ ఉన్న గాజు సీసాలో ముంచాలి. లోపలి మనిషి నెమ్మదిగా తొక్కాలి. బయటి మనిషి నిపుల్ వదులు చేయాలి. బుడగలతో ఆయిల్ వస్తుంది. నిపుల్ బిగించాకే కాలు తీయాలి. ముందే తీస్తే పోయిన గాలి తిరిగి లోపలికి వస్తుంది. ''తొక్కు.. పట్టుకో.. వదులు'' అన్న మూడు మాటలు ఇద్దరూ ఒకే అర్థంతో అనుకుంటే చాలు.

జాగ్రత్తలు మూడు. ట్యాంకు ఖాళీ కాకుండా మధ్యమధ్యలో పోస్తుండాలి. సీసాలోకి వచ్చిన ఆయిల్‌ను తిరిగి పోయకూడదు. పాత సిలిండర్ ఉన్న బండిలో పెడల్‌ను నేలకు తగిలేదాకా తొక్కకూడదు. కప్పు ఏళ్ల తరబడి తిరగని ఆ చివరి భాగంలో తుప్పు ఉంటుంది. అక్కడిదాకా వెళ్తే బాగున్న కప్పు కూడా చిరుగుతుంది. పెడల్ కింద చిన్న చెక్క ముక్క పెడితే సరి.

పేరు ఆయిలే.. కానీ నూనె కాదు

మనమంతా బ్రేకు ఆయిల్ అంటాం. ఆ పేరే కొంప ముంచుతుంది. ''ఏదో ఒక ఆయిలే కదా'' అని దారిలో ఇంజిన్ ఆయిలో, హైడ్రాలిక్ ఆయిలో పోసేవారున్నారు. మామూలుగా వాడే డాట్ 3, డాట్ 4 బ్రేకు ద్రవాలు నూనె జాతివి కావు. బ్రేకుల్లోని రబ్బరు ఆ ద్రవానికి తగ్గట్టు చేసింది. పెట్రోలియం నూనె తగిలితే ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఒకసారి పోస్తే కప్పులు, హోసులు అన్నీ మార్చాల్సి వస్తుంది. సిలిండర్ భాగాలను పెట్రోలుతోనో, కిరోసిన్‌తోనో కడగటం కూడా అంతే తప్పు. కొత్త బ్రేకు ఆయిల్‌తోనో, స్పిరిట్‌తోనో కడగాలి.

ఇది రంగును కూడా తినేస్తుంది. బోనెట్ మీద చుక్క పడితే తుడవడం కాదు, వెంటనే నీళ్లతో కడగాలి. మూత తీసి నెలల తరబడి పెట్టిన సీసాలోది వాడొద్దు. అప్పటికే తేమ పీల్చి ఉంటుంది. బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి మొత్తం మార్చడం మంచిది.

వీల్ సిలిండర్ కారి లైనర్లు తడిస్తే కొందరు వాటిని కాల్చి, గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వేస్తారు. లోపలికి ఇంకిన ద్రవం వేడెక్కినప్పుడు మళ్లీ పైకి వస్తుంది. బండి ఒక పక్కకు లాగుతుంది. ఆ జత చక్రాలకు రెండు వైపులా కొత్తవి వేయాలి. డ్రమ్ము విప్పినప్పుడు దుమ్మును నోటితోగానీ, కంప్రెసర్‌తోగానీ ఊదొద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది. అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడిచి పారేయాలి.

ఘాట్‌లో వేడెక్కితే..

హోసూరు వైపు వారు సేలం వెళ్లాలంటే ధర్మపురి దాటాక తొప్పూరు ఘాట్ దిగాలి. కొరాపుట్ నుంచి సాలూరు రావాలంటే సుంకి ఘాట్ మలుపులు తప్పవు. ఇలాంటి చోట్ల అదేపనిగా బ్రేకు మీద కాలు పెడితే డ్రమ్ములు కాలిపోతాయి. వేడికి డ్రమ్ము వ్యాకోచించి పెడల్ లోతుకు పోతుంది. ఆ వేడి వీల్ సిలిండర్‌కు చేరితే ఆయిల్ మరుగుతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. అవి కూడా గాలిలాగే కుంచించుకుపోతాయి. పెడల్ నేలకు తగులుతుంది.

కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పీల్చాక అది 140 డిగ్రీలకు పడిపోవచ్చు. డాట్ 4 అయితే 230 నుంచి 155కు. ఊళ్లో బాగానే ఉన్న బ్రేకు ఘాట్‌లో ఎందుకు పోతుందో ఈ అంకెలే చెబుతాయి. కాసేపు ఆపితే చల్లారి పెడల్ మళ్లీ గట్టిపడుతుంది. ''బాగైపోయింది'' అని వదిలేయొద్దు. అది పాత ఆయిల్ మార్చమని బండి చెప్పిన మాట. దిగేటప్పుడు మొదటి మలుపుకు ముందే గేరు తగ్గించుకోవాలి. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే.

వానాకాలంలో నీళ్లలోంచి వెళ్లాక బ్రేకు పట్టకపోవడం దీనికి పూర్తిగా వేరు. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, లైనర్లు తడిసి జారతాయి. నెమ్మదిగా వెళ్తూ కొద్దికొద్దిగా బ్రేకు వేస్తే ఆరిపోతాయి.

దారిలో పెడల్ పోతే..

కంగారు పడొద్దు. వెంటవెంటనే తొక్కుతూనే ఉండాలి. కొంత ఒత్తిడైనా పుట్టొచ్చు. ఒక్కో గేరూ తగ్గిస్తూ రావాలి. న్యూట్రల్‌లో వేయడం, తాళం తీసేయడం చేయకూడదు. చేతి బ్రేకు తీగలతో పనిచేస్తుంది, ఆయిల్‌తో దానికి పని లేదు. దాన్ని ఒక్కసారిగా లాగకుండా విడతలుగా లాగాలి. హారన్, హెడ్‌లైట్లు వేసి ఇతరులను హెచ్చరించాలి. ఎగువ దారో, ఇసుక కుప్పో కనిపిస్తే అటు మళ్లించాలి. ఇవన్నీ జరగాలంటే చేతి బ్రేకు పనిచేస్తూ ఉండాలి. చాలా పాత కార్లలో అది అలంకారంగానే మిగిలిపోయింది. కాలి బ్రేకు బాగు చేయించిన రోజే దాని తీగలూ బిగించుకోండి.

ఏది మీరు, ఏది మెకానిక్?

పైన చెప్పిన మూడు పరీక్షలు, మట్టం చూడటం, తడి వెతకడం.. ఇవి ఎవరైనా చేసుకోవచ్చు. డ్రమ్ము విప్పడం, కప్పులు మార్చడం, సిలిండర్ దించడం తెలిసిన చేతికే వదలాలి. జాకీ ఒక్కదాని మీద బండి నిలబెట్టి కింద దూరొద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే. సామాను కొనేటప్పుడు బండి ఏ ఏడాదిదో, ఏ మోడలో చెప్పాలి. పాత కప్పును వెంట తీసుకెళ్లి కొలత చూసుకోవాలి. పేరు ఒకటే అయినా ఏడాదిని బట్టి సిలిండర్ సైజు మారుతుంది. ఒక చక్రానికి కప్పు పోయిందంటే మిగతా చక్రాలవీ అదే వయసువి. అన్నీ ఒకేసారి మార్చుకోవడం మేలు.

సొంత కారుకు 15 ఏళ్లు దాటాక రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. అప్పుడు బండిని తనిఖీకి చూపించాలి. ఆ ఒక్కరోజు కోసం బ్రేకు బిగించి, తర్వాత మరిచిపోయేవారూ ఉన్నారు. తనిఖీ ఐదేళ్లకోసారి. బ్రేకు మాత్రం ప్రతి మలుపులోనూ కావాలి.

సంక్రాంతికో, పెళ్లికో ఇల్లంతా ఎక్కి బయల్దేరే ముందు బండి కడిగి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. దాంతోపాటు ఓ నిమిషం పెడల్ మీద కాలు పెట్టి ఉంచండి. నిలిస్తే బయల్దేరండి. దిగితే ఆ పూటకు బస్సెక్కండి. కారు షెడ్డుకు పోతుంది.. మీరు క్షేమంగా పెళ్లికి చేరతారు.